చిన్నోడికి, గోంగూర ఊరగాయతో పాటు

ప్రొద్దుటూరు
11 అక్టోబరు 2025

చిన్నోడా,

బాగుండావా నాయనా? కోడలు పిల్ల, బుడ్డోడు బాగుండారా? మేం బాగుండాం. మీ నాయన మోకాలు నొప్పి అట్లనే ఉండాది. నూనె రాస్తానంటే వద్దంటాడు, రాయకపోతే రాయలేదంటాడు.

ఫోన్లో చెప్పుకునేదానికి ఉత్తరమేందని నవ్వుతావేమో. ఎత్తితే కదా చెప్పేది. మూడు వారాలాయ. మెసేజ్ పెడితే బొటనవేలు బొమ్మ పంపిస్తాండావు. ముప్పై యేండ్లు పిల్లోళ్లకు ఉత్తరాలు రాయడం నేర్పినదాన్ని, ఆ బొటనవేలికి ఏం బదులు రాయాల్నో నాకు తెలీలేదు. పాప పార్శిల్ కట్టిస్తాంటే దీన్ని కూడా అందులో పెట్టమన్నాను. గోంగూర డబ్బా పైన ఉంటుంది. నూనె కారకుండా మూడు కవర్లు చుట్టినాం, కత్తెరతో కోయొద్దు, చేత్తో విప్పు.

దసరా బాగా జరిగింది. అమ్మవారిశాల కాడ ఎప్పటి మాదిరే కాలు పెట్టే సందు లేదు. ఆయుధపూజ నాడు మీ నాయన స్కూటర్ కడిగి నిమ్మకాయలు పెట్టినాడు. అది స్టార్టయ్యి మూడేండ్లాయ, అయినా పెట్టినాడు. మరుసటి దినం మీ చిన్నమామ వచ్చి శెనక్కాయ బుడ్డలు అర బస్తా ఇచ్చిపోయినాడు. ఈసారి కూడా పందులు చేను దున్నేసినాయంట. వాడింకా ఆ తుపాకికి బొట్టు పెడతాండాడు. సర్లే, ఆ మాట ఇప్పుడెందుకు.

బుడ్డోడికి రెండో పన్ను ఊడిందా? మొదటిది ఊడిన సందు చూపించడానికే కదా ఆ పొద్దు వీడియో చేసినాడు. పన్ను చూపించినాడు, బొమ్మలు చూపించినాడు, ఆ తర్వాత ఏదో అన్నాడు. కోడలు ఫోన్ లాక్కుంది. కట్టయ్యింది. నెట్‌వర్క్ అని మెసేజ్ పెట్టినావు. సరే, నెట్‌వర్కే అనుకుందాం.

మిద్దె మళ్లా కారతాంది. నీ రూములో బీరువా పక్కన బకెట్ పెట్టినాం. నీ పుస్తకాలు తడవలేదు, దిగులు పడొద్దు. సుబ్బమ్మత్త మనవరాలికి సంబంధం కుదిరింది, పిల్లోడు మీ డల్లాస్ పక్కనే ఎక్కడోనంట. ఆ ఊర్లో ఎట్లుంటుందని అడిగితే బాగుంటుందని చెప్పినాను. బాగుంటుంది కదా?

బాగుంటే తుపాకి ఎందుకు కొన్నావు?

రాయకూడదనే మొదలుపెట్టినాను. చేయి ఆగలేదు. నీకు నలభై యేండ్లు, నీ ఇల్లు, నీ సంపాదన. నేను అడగను. ఊరికే చెప్తాండాను.

నీకు గ్రీన్ కార్డు వచ్చిందని తెలిసినప్పుడు మీ నాయన ఆ మోకాళ్లతోనే తిరుమల నడిచి ఎక్కినాడు. వీసా మీద ఉన్నోళ్లకు అక్కడ తుపాకి మామూలుగా అమ్మరంట, కార్డు వస్తే అమ్ముతారంట, పాప చెప్పింది. ఫారం నింపితే కంప్యూటర్లో చూసి అదే దినం చేతికిచ్చేయొచ్చంట. మీ టెక్సస్‌లో 2021 సెప్టెంబరు నుంచి 21 నిండినోళ్లు, ఏ నేరమూ లేనోళ్లు, లైసెన్సు లేకుండానే నడుముకు పెట్టుకోని తిరగొచ్చంట. ‘మనం మొక్కు తీర్చుకునింది దీనికా’ అంటాడు మీ నాయన. నేనట్ల అనను. కానీ ఇక్కడ చిన్నమామ లైసెన్సుకు స్టేషను, ఎస్పీ ఆఫీసు, కలెక్టరాఫీసు తిరిగి రెండు జతల చెప్పులు అరగదీసినాడు. ఎవరితో తగాదా ఉండాది, ఊర్లో పేరెట్లుండాది అని విచారించిపోయినారు. నిన్ను ఎవరు విచారించినారు? నన్ను అడిగింటే చెప్పేదాన్ని, వీడు తాళం చెవులు యాడ పెట్టినాడో వీడికే తెలీదని.

ఎందుకు కొన్నావో నాకు తెలీక కాదు. 2023 మేలో మీ డల్లాస్ పక్కన ఆలెన్ మాల్‌లో ఎనిమిది మందిని కాల్చి చంపినప్పుడు, అందులో మన తెలుగు పిల్ల కూడా ఉందని టీవీలో చెప్తాంటే, నీ ఫోన్ కలిసేదాకా పొయ్యి మీద పాలు పొంగి ఆరిపోయినా నేను లేవలేదు. ఇండియావాళ్ల ఇండ్లలో బంగారముంటుందని దొంగలు వెతికి వెతికి పడతారని నువ్వే ఒకసారి చెప్పినావు. ఆ బంగారం పెట్టింది ఎవరు? నేనే. ప్రొద్దుటూరులో పుట్టిన పిల్లోడి పెండ్లానికి కాసులపేరు లేకపోతే నలుగురూ నవ్వుతారని నేనే పెట్టినాను. దానికి కాపలాగా తుపాకి వస్తుందని తెలిసింటే ఇత్తడి గిన్నెలు పెట్టేదాన్ని. ఈసారి వచ్చేటప్పుడు నగలన్నీ తెచ్చేయండి. ఇక్కడ బ్యాంకు లాకర్లో పడుంటాయి. పండగకు వేసుకోవడానికి అక్కడ గిల్టువి దొరకవా?

మీ ఆఫీసులో ఆ తెల్లాయన సంగతి చెప్పినావు కదా ఒకసారి, తొమ్మిదేండ్లకే వాళ్ల నాయన జింకల వేటకు తీసుకుపోయినాడని. అప్పుడు నేను వినీ విననట్టు ఉన్నాను గానీ, ఒక మాట మనసులో పడిపోయింది. వాళ్ల నాయన ముందు నేర్పింది కాల్చడం కాదంట. లోపల తూటా లేదని ఎవరు చెప్పినా నమ్మొద్దు, నీ కంటితో నువ్వే చూసుకో, అదంట మొదటి పాఠం. కాల్చేదాకా ట్రిగ్గర్ మీద వేలు పెట్టొద్దు, అది రెండోదంట. మీ రాష్ట్రంలో వేటకు పోవాలంటే అట్లాంటి క్లాసు చదివి సర్టిఫికెట్ తీసుకోవాలంటనే. ఆ ఇంట్లో తుపాకి అట్ల వచ్చింది. మన ఇంట్లో ఎట్ల వచ్చింది? పసుపు కుంకుమతో, హారతితో. దాని గురించి ఎవరూ ఏమీ అడగకూడదు. తాకితే చేయి విరుస్తానని మా నాయన అనేవాడు, దసరాకు మాత్రం దండం పెట్టుకోమనేవాడు. అట్ల పెరిగినోళ్లకు తుపాకి అంటే ఏం తెలుస్తుంది? భయం తెలుస్తుంది, భక్తి తెలుస్తుంది. దాన్ని ఎట్ల పట్టుకోవాల్నో తెలీదు.

నీకొకటి చెప్పాల. చిన్నమామ చెవి కుక్క కరిచింది కాదు.

నీకే కాదు, ఊరందరికీ అట్లనే చెప్పినాం. ఇప్పటికి యాభై యేండ్లాయ. 1975, శివరాత్రి ముందర. నాకు పదహారు, చిన్నమామకు పద్నాలుగు. ఊరు రెండు పార్టీలై ఉన్నింది. పందుల కోసమని మా జేజినాయన కాలంలో తెచ్చిన డబల్ బ్యారెల్ తుపాకి అప్పటికి పందుల సంగతి మరిచిపోయింది. మా నాయన తలుపుకు వీపు పెట్టి బువ్వ తినేవాడు కాదు. పండుకునే చోటు దినామూ మార్చేవాడు, ఒక రాత్రి పడసాల, ఒక రాత్రి గాదెల రూము. మిద్దె మీదికి ఎవరూ పోవద్దని కట్టడి. మా అమ్మ లాంతరు వత్తి తగ్గించి, ఆర్పకుండా పెట్టుకునేది.

ఆ రాత్రి చిన్నమామ ఓబులేసుతో కలిసి జమ్మలమడుగులో సెకండ్ షోకు పోయినాడు. ఎవరికీ చెప్పలేదు. నాకు చెప్పినాడు. నేను గొళ్లెం తీసిపెడతానన్నాను, నిద్రపోయినాను. ఆ మాట ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు, నీకే రాస్తాండాను. వాడొచ్చి చూసినాడు, తలుపు వేసుండాది. యాపమాను ఎక్కి మిద్దె మీదికి దూకినాడు. మా నాయన లేచినాడు. మెట్ల గది తలుపు సగం తెరిచి ‘ఎవర్రా అది’ అన్నాడు. వాడు పలకలేదు. మళ్లా అన్నాడు, ‘పలకరా, ఎవరు?’ అని. నేను అప్పటికి లేచి మెట్ల కింద నిలబడుకోనుండాను. నాకు తెలుసు ఎవరో. నోరు రాలేదు. వాడేమో సినిమాకు పోయినందుకు నాయన తంతాడని జొన్నచొప్ప చాటున నక్కి కూర్చున్నాడు. వాడు నాయనకు భయపడి పలకలేదు, నాయన పార్టీవాళ్లకు భయపడి కాల్చినాడు.

శబ్దం గుర్తు లేదు. ఆ తర్వాత పావురాలు లేచిన చప్పుడు గుర్తుండాది. పిట్టగోడలో సున్నం రాలి, ఆ దుమ్ములో వాడు ‘నాయనా నేనే’ అన్నాడు. రవ్వలు చాలావరకు గోడకు పడినాయి. ఎడమ చెవి సగం పోయింది. నా ఓణీ మడిచి అదిమిపట్టుకున్నాను, వాడు ఏడవను కూడా లేదు, ‘ఓబులేసును కొట్టొద్దని చెప్పు’ అంటాండాడు. తెల్లారకముందే బండి కట్టి తీసుకుపోయినారు. కుక్క కరిచిందని చెప్పినారు. ఆ డాక్టరు చెవి వైపు చూసి, మా నాయన వైపు చూసి, కుట్లు వేసినాడు. ఏమీ అడగలేదు.

తుపాకిని అమ్మేస్తాడనుకున్నాను. మరుసటి దినం టెంకాయ నూనెతో తుడిచి అదే మేకుకు తగిలించినాడు. ఆ యేడు దసరాకు మా అమ్మ దానికి బొట్టు పెట్టలేదు. ఆయనే పెట్టుకున్నాడు. ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా స్టేషన్లో డిపాజిట్ చేయాల కదా, టవల్లో చుట్టి ఇచ్చి రసీదు తెచ్చుకునేవాడు. 83, 85, 89, అన్నిసార్లూ అంతే. అది ఇంట్లో లేని ఆ నెలన్నర దినాలు మా అమ్మ లాంతరు ఆర్పి పండుకునేది. నేను కంటితో చూసినాను. పగ ఉన్న ఊర్లో, అదీ ఎలక్షన్ల ముందు, చేతిలో ఏమీ లేకుండా ఆమె నిద్రపోయింది.

మా నాయన పోయినాక, 2001లో, ఆ తుపాకిని డీలరుకు అమ్మేద్దామని నేనంటే ఎవరు అడ్డం పడిరో తెలుసా? చిన్నమామే. అది నాయన గుర్తు అక్కా, లైసెన్సు నా పేరుకు మార్పించుకుంటా అన్నాడు. నీ చెవి చాల్లేదా గుర్తు అన్నాను. నవ్వినాడు. ఒకే ఇల్లు, ఒకే మిద్దె, ఒకే అమ్మ చేతి సంగటి. నాకు తుపాకి పేరు చెప్తే కడుపులో తిప్పుతుంది, వాడు అది లేకుంటే నిద్రపోడు. పెంపకమని ఎవర్ని అనేది?

నన్నే అనాల. నీకు ఆరేండ్లప్పుడు, 91 దసరాకు, మా నాయన ఆ తుపాకిని నీ ఒళ్లో పెట్టి ఫోటో తీయించినాడు, గుర్తుండాదా? నీ నెత్తిన ఆయన తలపాగా. నువ్వు మోయలేక పండ్లు కరుచుకోని నవ్వుతాండావు. నేను పక్కనే ఉన్నాను. వద్దనలేదు. పైగా నీకు తల దువ్వి పౌడరు పూసింది నేనే. దాన్ని పెద్దది చేయించి హాల్లో తగిలించుకున్నాం, వచ్చినోళ్లందరికీ చూపించుకున్నాం. నువ్వు తుపాకి టెక్సస్‌లో కొన్నావని మీ నాయన అంటాండాడు గానీ, నాకు మాత్రం నీ ఒళ్లో అది అప్పటినుంచీ ఉన్నట్టే ఉండాది. ఆ ఫోటో మొన్న దించినాను. గోడ మీద తెల్లగా చౌకం మిగిలింది, సున్నం కొట్టించాల.

బుడ్డోడికి ఇప్పుడు ఆరేండ్లు.

వాడు ఆ పొద్దు ఏమన్నాడో నీకు పూర్తిగా తెలుసో లేదో. కోడలు వచ్చేలోపల ఇంకొక మాట అన్నాడు. ‘జేజీ, నాన్న గన్ డబ్బాలో ఉంది, నంబర్ నాకు తెలుసు, నా బర్త్‌డేనే’ అన్నాడు. ముందరి పన్ను లేదు కదా, నంబర్ అనడం కూడా సరిగా రాలేదు. అది విన్నప్పటి నుంచి నేను లాంతరు పెట్టుకోని పండుకుంటాండాను, మన ఇంట్లో, ఈ కరెంటు దీపాల మధ్య.

అమ్మేయమని చెప్పను. చెప్తే వినేవాడివైతే ఇంజనీరింగ్ కర్నూల్లోనే చేసేవాడివి. కానీ కొన్ని చెప్తాను, విను. తూటాలు ఒక చోట, అది ఇంకొక చోట పెట్టు, రెంటికీ వేరే వేరే తాళాలు. పదిహేడేండ్లలోపు పిల్లోళ్ల చేతికి అందేట్టు పెడితే మీ టెక్సస్‌లో కూడా కేసంట, పాప చదివి చెప్పింది. 2024లో మన పిల్లోడొకడు అమెరికాలోనే తన తుపాకి తుడుచుకుంటాంటే పేలి పోయినాడని పేపర్లో పడింది, అందుకని నువ్వు తుడిచేటప్పుడు ఆ తెల్లాయన చెప్పినట్టు ముందు కంటితో చూసుకో. బుడ్డోడు ఆడుకునేదానికి పోయే ఇండ్లలో ఉందేమో అడుగు. మొహమాటపడొద్దు. ‘మీ ఇంట్లో కుక్క ఉందా’ అని అడుగుతారు కదా, అట్లనే. రాత్రి చప్పుడైతే ముందు దీపం వేయి, పేరు పెట్టి పిలువు. వాడు అర్ధరాత్రి నీళ్లకని లేస్తాడు, నీ మాదిరే. వాణ్ని ఎప్పుడూ గట్టిగా అరవొద్దు నాయనా, పిలిస్తే పలకాల వాడు, ఏ తప్పు చేసొచ్చినా సరే.

నువ్వు కూడా పలుకు. తిట్టనులే.

చూడు, ఏదో నాలుగు మాటలు రాద్దామనుకున్నాను, నాలుగు కాగితాలయినాయి. కోడలికి జుట్టు ఊడుతుందన్నావు, మందార నూనె సీసా పెట్టినాను, వారానికి రెండుసార్లు. కారం బొరుగులు నీ ఒక్కడికే, పొట్లం మీద పేరు రాసినాను. చలి మొదలవుతుంది కదా, బుడ్డోడికి స్వెట్టరు చేతులు పొడుగు అల్లినాను, మడిచి వేయండి, వచ్చే యేడుకు సరిపోతుంది.

ఈ ఉత్తరం అందిన దినమే ఆ నంబరు మార్చు. వాడి పుట్టినరోజు వద్దు, నీదీ వద్దు, కోడలిదీ వద్దు. నా పుట్టినరోజు పెట్టుకో. అది మీ ఇంట్లో ఎవరికీ తెలీదు. నీకు కూడా తెలీదు కాబట్టి, ఫోన్ చేసి అడుగు.

మీ అమ్మ