సియెస్టా కీ బీచ్‌లో మా అమ్మను ఆదుకున్నవాళ్లందరికీ

పోయిన శనివారం అమ్మానాన్నలను ఫ్లోరిడాలోని సరసోటా దగ్గర సియెస్టా కీ బీచ్‌కి తీసుకెళ్లాం. అమ్మకి ఏళ్ల తరబడి ఆస్తమా. దుప్పటి పరిచామో లేదో దగ్గు మొదలైంది, "ఎవర్రా పోపులో ఎండుమిరపకాయలు మాడ్చింది?" అంది. మాడు వాసనేమీ లేదు, గొంతులో ఆ ఘాటు మాత్రం నాకూ తెలుస్తోంది. అలల అంచున చచ్చిన చేపలు కనిపిస్తున్నా నా బుర్ర వెలగలేదు. కాసేపటికే అమ్మ ఛాతీలో పిల్లికూతలు, మాట పూర్తి చెయ్యలేకపోతోంది, ఇన్‌హేలరేమో కార్లో వదిలేశాను (తప్పు నాదే).

పక్కన కుర్చీలు మడతపెట్టుకుంటున్న ఒక పెద్దాయన "రెడ్ టైడ్, ముందు ఇక్కణ్ణుంచి కదలండి" అంటూ తనే అమ్మ చెయ్యి పట్టుకుని నడిపించారు, వాళ్లావిడ తడి తువ్వాలు ఇచ్చి ముక్కుకి అడ్డం పెట్టుకోమన్నారు. వాళ్లు లేకపోతే నేను అమ్మను అక్కడే కూర్చోబెట్టి "గాలి తగిలితే తగ్గుతుందిలే" అనేవాణ్ణి. తంటా అంతా ఆ గాలితోనే!

కార్లో కిటికీలు మూసి ఏసీ వేసి, ఇన్‌హేలర్ కొట్టినా తగ్గకపోతే మన తెలుగు వాట్సాప్ గ్రూపులో పెట్టాను. రెస్పిరేటరీ థెరపిస్ట్‌గా చేస్తున్న అక్క ఒకరు వెంటనే ఫోన్ చేసి "ఆలోచించకు, ఎమర్జెన్సీకి పద" అన్నారు. అక్కడ నెబ్యులైజర్ పెట్టాక గానీ అమ్మ తెరిపిన పడలేదు. అసలు సంగతి రాత్రి అక్కే చెప్పారు: కరేనియా బ్రెవిస్ అనే నాచుజాతి సూక్ష్మజీవి సముద్రంలో విపరీతంగా పెరగడమే ఆ పెద్దాయన అన్న రెడ్ టైడ్, అప్పుడు అలల తాకిడికి దాని కణాలు పగిలి బ్రెవిటాక్సిన్ అనే విషం తుంపర్లలో కలుస్తుందట. గాలి ఒడ్డువైపు వీస్తే అది నేరుగా ఊపిరితిత్తుల్లోకే. మామూలువాళ్లకి బీచ్ దాటితే దగ్గు తగ్గిపోతుంది, ఆస్తమా ఉన్నవాళ్లకి గొట్టాలు బిగుసుకుపోయి రోజుల తరబడి ఉండొచ్చు.

సరసోటాలోనే మోట్ మెరైన్ లాబొరేటరీ అనే సముద్ర పరిశోధన సంస్థ ఉంది, ఏ బీచ్‌లో దగ్గులు ఎంతగా వినిపిస్తున్నాయో కూడా వాళ్ల రిపోర్టులో ఉంటుంది. బయల్దేరేముందు నేను చూసింది పార్కింగ్ ఒక్కటే.

అక్కా, మీకు రుణపడి ఉంటాం. ఆ పెద్దాయన తెలుగు చదవలేరు కాబట్టి ఇంగ్లిష్‌లో విడిగా రాశాను, ఆ పక్క ఉండేవాళ్లు కాస్త చేరవెయ్యండి. వాళ్ల తువ్వాలు మా దగ్గరే ఉండిపోయింది, నీలం గీతలది. అమ్మ ఉతికి మడతపెట్టి, ఎప్పుడిస్తావని రోజుకి రెండుసార్లు అడుగుతోంది.