కొత్త పద్ధతి తెచ్చే ముందు చీటీలు వేసి చూడండి

సంపాదకుల గారికి నమస్కారం.

చంద్రగిరి దగ్గర ఒక ప్రాథమిక పాఠశాలలో 19 ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాను. ఇన్నేళ్లలో ఎన్ని పద్ధతులు వచ్చి పోయాయో! ప్రతిదానికీ ఒక ట్రైనింగ్, ఒక మాడ్యూలు, గోడకు అంటించడానికి నాలుగు చార్టులు ఉంటాయి గానీ, అది ఎక్కడ, ఎంతమంది పిల్లల దగ్గర పనిచేసిందో మాత్రం ఎవరూ చెప్పరు. మొన్న చుట్టుపక్కల బడుల టీచర్లందరం కలిసే కాంప్లెక్స్ మీటింగులో, కొందరు పిల్లలు చూసి నేర్చుకుంటారు, కొందరు విని నేర్చుకుంటారు, అందుకని ఎవరికి తగ్గట్టు వాళ్లకు విడివిడిగా చెప్పాలన్నారు. దీనికి ఆధారం ఏమిటని లేచి అడిగాను. "టైమ్ అయిపోతోంది మేడమ్" అన్నారు.

ఆధారం లేదండీ. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరో ముగ్గురు మనస్తత్వ శాస్త్రవేత్తలు దీని మీద అప్పటిదాకా వచ్చిన పరిశోధనలు పరిశీలించి, తగిన రుజువు లేదని తేల్చారు.

రుజువు ఉన్నవి మాత్రం మా దాకా రావు. 2006లో రోడిగర్, కార్పికె అనే ఇద్దరు అమెరికాలో కాలేజీ పిల్లల మీద ఒక ప్రయోగం చేశారు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లకే ఎక్కువ వచ్చింది, వారం తర్వాత పెడితే మాత్రం పాఠం చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్లే ముందున్నారు. మా నాలుగో తరగతిలో మొక్క భాగాల పాఠానికి నేనూ అలాగే పుస్తకాలు మూయించాను. ఒక పిల్లాడు పలక మీద 'కాండం' అని రాశాడు, అరచేత్తో తుడిచేశాడు, కాసేపు పైకప్పు వైపు చూసి మళ్లీ అదే రాశాడు. తర్వాతి వారం అడిగితే తడుముకోకుండా చెప్పాడు. నాకెంత సంతోషమైందో! అయినా మా తరగతిలో 22 మందే, దాంతో ఏదీ రుజువైపోదు. అందుకే పెద్ద ప్రయోగాలు కావాలంటున్నాను.

అవి మనకు కొత్త కూడా కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఇలాంటివి చేశారు. ఒక ప్రయోగంలో కొన్ని బడుల్లో పిల్లలకు పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రావడం లేదో టీచర్లకు రిపోర్టులు ఇచ్చారు, అప్పుడప్పుడు వచ్చి తరగతులు చూసి వెళ్లారు. చూడటానికి వచ్చినప్పుడు టీచర్లు బాగా కష్టపడ్డారు గానీ, చివర్లో పెట్టిన పరీక్షలో ఆ బడుల పిల్లలకు మిగతా బడుల పిల్లల కంటే ఎక్కువేమీ రాలేదు. యాప్‌లో మార్కులు అప్‌లోడ్ చేయడానికే మా సాయంత్రాలు గడిచిపోతున్న ఈ రోజుల్లో ఈ ఫలితాన్ని పై అధికారులు ఒక్కసారైనా చదవాలి.

హర్యానాలో ఇంకొకటి చేశారు. బడి వేళల్లోనే ఒక గంట పక్కన పెట్టి, ఏ తరగతి అని చూడకుండా ఎవరికి ఎంతవరకు చదవడం వచ్చో దాన్ని బట్టి పిల్లల్ని గుంపులు చేసి, ప్రభుత్వ టీచర్ల చేతే చెప్పించారు. చదవడం మెరుగైంది. ఆ గంట విడిగా ఇవ్వకుండా పుస్తకాలు, ట్రైనింగ్ మాత్రమే ఇచ్చిన వేరే రాష్ట్రంలో పెద్దగా తేడా రాలేదు. మాకు ఎప్పుడూ పుస్తకాలూ ట్రైనింగే ఇస్తారు, ఆ గంట మాత్రం ఇవ్వరు.

నేను అడిగేది ఒక్కటే. కొత్త పద్ధతిని జిల్లా మొత్తం మీద ఒకేసారి రుద్దకండి. చీటీలు వేసి సగం బడుల్లో ఈ ఏడు పెట్టండి, మిగతా సగానికి వచ్చే ఏడు ఇవ్వండి. పరీక్ష మాత్రం మా చేత కాకుండా ఎస్వీ యూనివర్సిటీ వాళ్ల చేతో, పద్మావతి మహిళా యూనివర్సిటీ వాళ్ల చేతో పెట్టించండి. సగం మంది పిల్లలకు అన్యాయం కదా అంటారేమో, అది మేలు చేస్తుందో లేదో తెలియకుండా అందరి మీదా పెడితే ఏడాది పోయేది అందరికీ. ఫలితం ఎలా వచ్చినా పేపర్లో వేయండి, పనిచేయలేదని తేలినా సరే. వచ్చే జూన్ ట్రైనింగ్ మాడ్యూలు మొదటి పేజీలో ఈ పద్ధతిని ఎక్కడ, ఎన్ని బడుల్లో పరీక్షించారో, ఏం తేలిందో నాలుగు వాక్యాలు రాసి ఇవ్వండి.

– ఒక ఉపాధ్యాయిని, చంద్రగిరి మండలం, తిరుపతి జిల్లా