పిల్లి మూత్రంలో రక్తం కనిపిస్తే ముందు పరీక్ష చేయించండి

సంపాదకులకు,

పిల్లి మాటిమాటికీ ఇసుక ట్రేలో కూర్చుని రెండు చుక్కలే పోస్తే, అందులో ఎరుపు కనిపిస్తే, చాలామంది మెడికల్ షాపుకెళ్లి యాంటీబయాటిక్ కొనేస్తున్నారు. పదేళ్లలోపు పిల్లుల్లో ఈ బాధకు బ్యాక్టీరియా కారణం కావడం అరుదు. వయసు మీరినవాటిలో, షుగరో కిడ్నీ జబ్బో ఉన్నవాటిలో మాత్రం ఇన్ఫెక్షన్‌ని గట్టిగా అనుమానించాలి.

తేల్చి చెప్పేది కల్చర్ పరీక్షే, అంటే మూత్రంలోని బ్యాక్టీరియాను ల్యాబులో పెంచి చూడటం. ట్రేలోంచి తీసిన మూత్రంలో బయటి క్రిములు కలుస్తాయి, అది పనికిరాదు. యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే డాక్టరు పొట్ట మీదుగా సన్నని సూదితో మూత్రాశయం నుంచి నేరుగా తీయాలి. ల్యాబుకు పంపడం ఆలస్యమైతే ఫ్రిజ్‌లో ఉంచాలి.

బ్యాక్టీరియా ఉందని తేలితే, అది మందుకు లొంగే రకమైతే, అమాక్సిసిలిన్ అనే యాంటీబయాటిక్‌ను కిలో బరువుకు 11–15 మి.గ్రా. చొప్పున రోజుకు రెండు మూడుసార్లు ఇస్తారు. మామూలు కేసుకు 3–5 రోజులు చాలు. రెండు వారాల కోర్సు పాత అలవాటు, మానుకోవాలి. ఎన్‌రోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ రోజుకు కిలోకు 5 మి.గ్రా. దాటితే చూపు పోవచ్చు. డాక్సీసైక్లిన్ అనే ఇంకో యాంటీబయాటిక్ మాత్ర గొంతులో ఇరుక్కుంటే అన్నవాహిక పుండుపడుతుంది, అందుకే మాత్ర వేసిన వెంటనే సిరంజితో 6 మి.లీ. నీళ్లు పట్టాలి. నొప్పికని పారాసిటమాల్ ముక్క కూడా వేయొద్దు, ప్రాణం తీస్తుంది.

మగపిల్లికి చుక్క కూడా రాక, పొట్ట అడుగున నిమ్మకాయలా గట్టిగా తగిలితే మూత్రం దారి మూసుకుపోయినట్టే. తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆస్పత్రికి తీసుకెళ్లండి.

– ఒక పశువైద్యురాలు, విజయవాడ