మా షాపు ముందు ఇటుకల వీధి, ఈ కొన్ని వారాల సంగతి

అందరికీ నమస్కారం. ఒహాయో రాష్ట్రం ఏథెన్స్‌లో కోర్ట్ స్ట్రీట్ పక్కనున్న మన కిరాణా, టిఫిన్ షాపుకి వచ్చేవాళ్ళందరి కోసం ఇది రాస్తున్నాను. షాపు ముందు వీధిలో పాత నీళ్ళ పైపు మారుస్తున్నారు. కొన్ని వారాల పాటు ముందు తలుపు దాకా కారు రాదు. పక్క సందులో నడిచి వెనక తలుపు దగ్గరికి రావాలి. అమ్మకాలు బాగా పడిపోయాయి. దాచి లాభం లేదు, వారం మధ్యలో గల్లాపెట్టె చూసుకుంటే టెన్షన్‌గానే ఉంటోంది.

షాపుకి వచ్చిన కాలేజీ పిల్లలంతా ఒకటే అడుగుతున్నారు. "అక్కా, ఆ ఇటుకలన్నీ తీసేసి తారు పోస్తే తొందరగా అయిపోతుంది కదా, ఒక్కొక్కటీ తీసి పేర్చడం ఎందుకు?" పని మొదలయ్యే ముందు వీధిలో షాపులవాళ్ళని అడిగారు. పాత ఇటుకలే మళ్ళీ పరచమన్నవాళ్ళలో నేనూ ఉన్నాను. నా మాట వల్ల మీకూ ఇబ్బందే కాబట్టి, ఎందుకలా అన్నానో మీకు చెప్పాలి.

ఇవి ఇళ్ళు కట్టే ఇటుకలు కావు. మన ఊళ్ళలో మేస్త్రీ గోడ కట్టే ముందు ఇటుకల్ని నీళ్ళలో నానబెడతాడు. లేకపోతే సిమెంటులోని తడంతా ఇటుకే లాగేస్తుంది. వీధి ఇటుక అలా నీళ్ళు తాగదు. షేల్ అనే పొరలు పొరలుగా ఉండే మట్టిరాయినీ, బాగా వేడికి తట్టుకునే బంకమట్టినీ పొడి చేసి, తడిపి, అచ్చులో నొక్కి, ఆరబెట్టి, గుండ్రటి బట్టీల్లో బొగ్గుతో రోజుల తరబడి కాల్చేవారు. వేడి 1000 డిగ్రీల సెల్సియస్ దాటాక లోపలి మట్టి కరగడం మొదలై, రేణువులు ఒకదానికొకటి అతుక్కుని, గాజులా గట్టిపడుతుంది. ఒహాయోలో అదే ముఖ్యం. ఇక్కడ చలికాలమంతా రాత్రి గడ్డకట్టడం, పగలు కరగడం. మామూలు ఇటుకలో నీళ్ళు చేరితే ఆ నీళ్ళు గడ్డకట్టి ఉబ్బి ఇటుకని పగలగొడతాయి. దీనిలోకి నీళ్ళు పోవడమే కష్టం కాబట్టి ఇది నిలబడింది. ఒక్కోటీ నాలుగు కిలోల పైనే ఉంటుంది. చేత్తో ఎత్తి చూస్తే తెలుస్తుంది ఆ బరువేంటో.

ఇవి ఎక్కడి నుంచో తెప్పించినవి కూడా కావు. తీసిన ఇటుకల్ని తిరగేసి చూడండి, కొన్నిటి మీద 'ఏథెన్స్ బ్లాక్' అనీ, కొన్నిటి మీద 'నెల్సన్‌విల్ బ్లాక్' అనీ అచ్చు ఉంటుంది. బ్లాక్ అంటే ఇక్కడ దిమ్మ, నలుపు కాదు. ఈ హాకింగ్ లోయ కొండల్లో బొగ్గూ, బట్టీకి పనికొచ్చే మట్టీ పక్కపక్కనే దొరికేవి. 1840లలో కాలువ వచ్చింది, తర్వాత రైలు వచ్చింది, సరుకు బయటి ఊళ్ళకి వెళ్ళే దారి దొరికింది. మా బియ్యం ట్రక్కు కొలంబస్ నుంచి వచ్చే 33 నంబరు రోడ్డు మీదే నెల్సన్‌విల్ ఉంది. 2013లో బైపాస్ వేశాక చాలామంది ఆ ఊళ్ళోకి వెళ్ళడం మానేశారు. ఒకసారి బైపాస్ దిగి వెళ్ళండి. ఊరి మధ్య చౌకులో నక్షత్రం గుర్తున్న ఇటుకలు పరిచి ఉంటాయి. బట్టీలో ఉప్పు చల్లి కాల్చడం వల్ల వాటికి ఆ మెరుపు వచ్చింది. 1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో నెల్సన్‌విల్ ఇటుకకి మొదటి బహుమతి వచ్చింది. వాటిని చేసిన కంపెనీ 1937లో మూతపడింది. ఊరి పక్కన పాత బట్టీ, పొగగొట్టాలు ఇప్పటికీ ఉన్నాయి. నాకు మ్యూజియంల కంటే అవే ఎక్కువ నచ్చాయి.

ఇటుకలు పరచకముందు ఇలాంటి ఊళ్ళ మెయిన్ రోడ్డంటే బురదే. వానొస్తే గుర్రబ్బళ్ళు ఇరుక్కుపోయేవి. 1870లలో పక్క రాష్ట్రం వెస్ట్ వర్జీనియాలోని చార్ల్‌స్టన్‌లో వీధికి ఇటుకలు పరిచి చూశారు, ఆ తర్వాత ఒహాయో ఊళ్ళూ అదే దారి పట్టాయి. కార్లు పెరిగాక తారు చవకయింది, పరచడమూ తొందరగా అయ్యేది. చాలా ఊళ్ళలో ఇటుకల మీదే తారు పోసేశారు. ఇప్పటికీ అక్కడ గుంత పడితే అడుగున ఎర్రగా కనిపిస్తాయి.

తారు పోస్తే నాకు ఈ నెలలో బేరం తొందరగా కోలుకునేది, నిజమే. ఇటుకలతో ఇబ్బందులూ ఉన్నాయి. వీల్‌చైరు, పిల్లల స్ట్రోలర్ కుదుపులు తింటాయి. వానలో జారుతుంది, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని చెప్పులతో జాగ్రత్తగా నడిపించండి. అయినా పైపు పగిలిన ప్రతిసారీ తారు కోసి అతుకేస్తే ఆ అతుకు మళ్ళీ లేస్తుంది. ఇటుకల్ని మాత్రం తీసి, కింద ఇసుక సర్ది, అవే మళ్ళీ పేర్చుకోవచ్చు. ఒక వైపు అరిగినదాన్ని తిప్పి వాడుకోవచ్చు. పైగా ఈ మట్టి ఇక్కడిదే, తవ్విందీ కాల్చిందీ ఇక్కడివాళ్ళే. నేను ఎక్కడి నుంచో వచ్చి ఈ వీధిలో బతుకుతున్నాను. ఆ పనితనాన్ని లారీకెత్తి పారేయమని నా నోటితో చెప్పలేకపోయాను.

ఇక షాపు విషయాలు. పని అయ్యేదాకా దోసెలు శని, ఆదివారాలే. మిగతా రోజుల్లో ఇడ్లీ, ఉప్మా ఉంటాయి. ఇడ్లీ పిండి డబ్బా మీద అర డాలరు పెంచాను, మినప్పప్పు ధర పెరిగింది, ఇంక మోయలేకపోయాను. పని అయ్యాక ఈ ధర తగ్గుతుందని మాటివ్వలేను. సోనా మసూరి పెద్ద బస్తాలు కావాలంటే ముందురోజు మెసేజ్ పెట్టండి, సందు చివర కారు ఆపితే మేమే మోసుకొచ్చి డిక్కీలో పెడతాం. గోంగూర, కరివేపాకు శుక్రవారం సాయంత్రం వస్తాయి.

ఒక మాట, పిల్లలకి ముఖ్యంగా. కంచె పక్కన పేర్చిన ఇటుకల్లోంచి గుర్తుగా ఒకటి తీసుకెళ్దామని కొందరు అనుకుంటున్నట్టు విన్నాను. చదువు అయిపోయి వెళ్ళేముందు ఆశగానే ఉంటుంది, నాకు అర్థమవుతుంది. కానీ దయచేసి తీయకండి. ఆ సైజువి, అంత గట్టివి ఇప్పుడు దొరకడం కష్టం, ఒకటి తగ్గితే ఆ చోట సిమెంటు నింపుతారు. ఫొటో కావాలంటే వెనక తలుపులోంచి షాపులోకి రండి, ముందు కిటికీలోంచి కుప్ప మొత్తం బాగా కనిపిస్తుంది.