ఆస్థాన కవికి కాస్త పని కూడా చెప్పండి

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రిగారికి,

నమస్కారం. చిక్కడపల్లిలో ఉంటాను, తెలుగు పంతులుగా రిటైరయ్యాను. ఏటా జులై 22న కవి దాశరథి కృష్ణమాచార్య జయంతి వస్తుంది, ఆయన పేరిట ప్రభుత్వం అవార్డూ ఇస్తుంది. సంతోషమే. కానీ ఆయన కూర్చున్న ఆస్థాన కవి కుర్చీ సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు.

నిజాం రోజుల్లో నిజామాబాద్ జైల్లో, పళ్లు తోముకోమని ఇచ్చిన బొగ్గుతోనే గోడ మీద నిజామును తిడుతూ పద్యం రాసిన మనిషి ఆయన. అలాంటాయన 1977 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ఆస్థాన కవి అయ్యారు. 1983లో ప్రభుత్వం మారింది, పదవే రద్దయింది. తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

అసలు ఆస్థానం అన్న మాటలోనే ఉంది చిక్కు. శ్రీనాథుడికి కనకాభిషేకమూ జరిగింది, చివరి రోజుల్లో శిస్తు కట్టలేక శిక్షగా మెడలో పొగడదండా పడిందంటారు. అంతా ప్రభువు దయ!

ఇంగ్లండులో ఒకప్పుడు ఈ పదవి చచ్చేదాకా ఉండేది. 1999 నుంచి పదేళ్లకు కుదించారు. అమెరికాలో బిల్లీ కాలిన్స్ ఆ పదవిలో ఉండగా హైస్కూలు పిల్లల కోసం 180 కవితలు ఏరిపెట్టాడు, బడి ఉన్న రోజుకు ఒకటి చొప్పున. పరీక్ష లేదు, ప్రశ్నలు లేవు, చదివి వినిపించడమే. నాకు నచ్చింది ఇదీ.

మన దగ్గర? ఓ ఉగాది కవిసమ్మేళనానికి నన్నూ పిలిచారు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. నేను రెండో పద్యం ఎత్తుకోగానే చేతికో చీటీ: "మూడు నిమిషాల్లో ముగించండి." ఆ తర్వాత శాలువా కప్పారు, ధర స్టిక్కర్ కూడా తీయకుండా. ఇప్పుడది మా వాచ్‌మన్ చలికాలంలో కప్పుకుంటున్నాడు, ఆ మేరకు సాహిత్య సేవ జరిగినట్టే.

ఆ పదవి మళ్లీ తెండి సార్. పేరు మార్చి, రెండేళ్ల గడువు పెట్టి, ప్రభుత్వం మారినా తీసేయకుండా చట్టంలో రాయండి. పథకాల మీద పద్యాలు అడగొద్దు. నెలకో సర్కారు బడికి పంపండి చాలు, అది ఆదిలాబాద్ అయినా, పాతబస్తీ అయినా. అక్కడ ఉర్దూ పిల్లలుంటే మరీ మంచిది, దాశరథి గాలిబ్ గజళ్లను తెలుగు చేసినవారే కదా.

ముసాయిదా రాసి పెట్టుకున్నాను. సెక్రటేరియట్‌కు రమ్మంటే తెస్తాను. మూడు నిమిషాల్లో ముగించమని మాత్రం అనకండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పంతులు