పాఠం తయారు చేసుకోవడానికి టీచర్లకు టైమ్ ఇవ్వండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. బడి చదువుల గురించి ఎవరితో మాట్లాడినా ఈ మధ్య ఒకే మాట వినిపిస్తోంది. "ఇప్పుడు టీచర్లకు ఏం తక్కువ? నెట్‌లో అన్నీ దొరుకుతున్నాయి కదా!" దొరుకుతున్న మాట నిజమే. నేను చాలా ఏళ్లుగా ప్రైమరీ తరగతులకు లెక్కలు చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా చేతిలో పాఠ్యపుస్తకం, సుద్దముక్క తప్ప ఇంకేమీ ఉండేవి కావు. ఇప్పుడు పాఠం పేరు కొట్టి వెతికితే చాలు, వీడియోలు, వర్క్‌షీట్లు, రెడీమేడ్ లెసన్ ప్లాన్లు కుప్పలుగా వచ్చి పడతాయి. అందులో నా క్లాసుకు పనికొచ్చేది ఏదో చూసుకునే తీరిక మాత్రం లేదు. ఈ ఉత్తరం ఆ తీరిక కోసమే.

భిన్నాల పాఠం సంగతి చెబుతాను. ఒకరోజు బోర్డు మీద మూడో వంతు, నాలుగో వంతు రాసి, ఏది పెద్దదని అడిగాను. సగానికి పైగా పిల్లలు నాలుగో వంతే అన్నారు. "మూడు కంటే నాలుగు పెద్దది కదా మేడమ్" అని ఒక పాప ఎంతో నమ్మకంగా చెప్పింది. ముందురోజే వాళ్లకు భిన్నాల మీద ఒక చక్కటి వీడియో చూపించాను. రంగులు, బొమ్మలు, సంగీతం అన్నీ ఉన్నాయి. ఈ పొరపాటు ఊసే అందులో లేదు.

మర్నాడు ఒకే పొడవున్న రెండేసి కాగితం పట్టీలు ఇచ్చి, ఒకదాన్ని మూడు సమాన భాగాలుగా, ఇంకోదాన్ని నాలుగు సమాన భాగాలుగా మడవమన్నాను. మూడుగా మడవడం పిల్లలకు అంత తేలిక కాదు. ఆ పాప రెండు మూడుసార్లు విప్పి మళ్లీ మడిచింది. చివరికి రెండు పట్టీలనూ పక్కపక్కన పెట్టి కాసేపు చూసి, "ఎక్కువ మంది పంచుకుంటే ఒక్కొక్కరికీ తక్కువొస్తుంది" అంది. పిల్లలు ఎక్కడ తడబడతారో ముందే ఆలోచించుకోవడానికి నాకు ఓ ఇరవై నిమిషాలు దొరికి ఉంటే, ఆ పట్టీలు మొదటి రోజే క్లాసులోకి వచ్చేవి. రెండు రోజులు వృథా అయ్యేవి కావు.

ఆ ఇరవై నిమిషాలు ఎక్కడి నుంచి తేవాలి? టైమ్‌టేబుల్‌లో లీజర్ పీరియడ్ అని ఉంటుంది. ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకు పోవాలి. అది లేనిరోజు నోట్సులు దిద్దాలి, రిజిస్టర్లు నింపాలి, అడిగిన వివరాలన్నీ యాప్‌లో ఎక్కించాలి. రేపటి పాఠం గురించి ఆలోచన ఇంటికి వెళ్లి, పనులన్నీ ముగిశాక మొదలవుతుంది. అప్పటికి కళ్లు మూతలు పడుతుంటాయి.

ఇది మేం ఇవాళ కొత్తగా అడుగుతున్నది కాదు. యునెస్కో, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి ఉపాధ్యాయుల హోదాపై తెచ్చిన సిఫార్సు 1966 అక్టోబర్ 5న ఆమోదం పొందింది. ఆ తేదీనే 1994 నుంచి ప్రపంచ ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. బోధన గంటలు నిర్ణయించేటప్పుడు పాఠం తయారీకి, పిల్లల పనిని మదింపు చేయడానికి పట్టే సమయాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని అందులో స్పష్టంగా ఉంది. దాదాపు అరవై ఏళ్లు గడిచాయి. ప్రతి అక్టోబర్‌లో టీచర్లను పొగుడుతారు గానీ, ఈ వాక్యాన్ని ఎవరూ గుర్తు చేయరు.

జపాన్ బడుల్లో 'జుగ్యో కెన్‌క్యూ' అనే పద్ధతి ఉంది. పాఠాన్ని కలిసి పరిశీలించడం అని చెప్పుకోవచ్చు. కొందరు టీచర్లు కూర్చుని ఒకే ఒక్క పాఠాన్ని తయారు చేస్తారు. ఏ ప్రశ్నకు పిల్లలు ఏయే జవాబులు చెప్పొచ్చో, తప్పు జవాబులతో సహా ముందే రాసుకుంటారు. ఒకరు పాఠం చెబుతుంటే మిగతావాళ్లు పిల్లల దగ్గర నిలబడి వాళ్లు ఎలా ఆలోచిస్తున్నారో గమనిస్తారు. తర్వాత అందరూ కలిసి ఆ పాఠం గురించి మాట్లాడుకుని, దాన్ని మారుస్తారు. 19వ శతాబ్దం చివరి నుంచి వాళ్లకు ఇది అలవాటు. ఇందుకు ఖరీదైన పరికరాలేవీ అక్కర్లేదు, కలిసి కూర్చునే టైమ్ కావాలి. నాకు మాత్రం నా మూడో వంతు కష్టాన్ని పక్క సెక్షన్ టీచర్‌తో చెప్పుకోవడానికి కూడా కుదరలేదు. ఆవిడా అదే వారం అదే పాఠం చెబుతున్నారు.

నెట్‌లో మంచివి లేవని నేను అనడం లేదు. భౌతికశాస్త్రంలో నోబెల్ గ్రహీత కార్ల్ వీమన్ 2002లో మొదలుపెట్టిన ఫెట్ సిమ్యులేషన్లలో (కంప్యూటర్ తెర మీద కదిపి చూసుకునే బొమ్మల ప్రయోగాలు) భిన్నాలను పిల్లలే ముక్కలు చేసి, కలిపి చూసుకోవచ్చు. డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా పనిచేస్తాయి. ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోగలిగే పాఠ్య సామగ్రిని ప్రోత్సహించాలని యునెస్కో సభ్య దేశాలు 2019 నవంబర్‌లో ఒక సిఫార్సును ఆమోదించాయి. ఆ మార్చుకునే వీలు మాకు చాలా ముఖ్యం. ఎందుకంటే వచ్చినవి వచ్చినట్టు పనికిరావడం అరుదు. ఒక వర్క్‌షీట్‌లో మూడు ప్రశ్నలు తీసేయాలి, ఇంకోదాంట్లో ఇంగ్లిష్ మాటల బదులు లవం, హారం అని రాయాలి. దానికీ టైమే కావాలి.

కొత్త టెక్నాలజీ మా పని తగ్గిస్తుందని అంటారు. చదువులకు వాడే సాఫ్ట్‌వేర్, పరికరాలు సగటున 36 నెలలకోసారి మారిపోతున్నాయని యునెస్కో 2023 నివేదిక చెప్పింది. ఒకటి చేతికి అలవాటయ్యేలోపు ఇంకోటి వచ్చేస్తోంది. చాట్‌జీపీటీ లాంటివి నిమిషంలో ప్రశ్నపత్రం రాసిస్తున్నాయి. నేనూ వాడాను. పది లెక్కలు ఇమ్మంటే రెండింటికి జవాబులు తప్పు ఇచ్చింది. కూర్చుని సరిచూశాను కాబట్టి తెలిసింది. చూసుకోకుండా పంచి ఉంటే ఆ తప్పు పిల్లల నోట్సుల్లోకి ఎక్కేది.

అందుకే నా విన్నపం ఒక్కటే. వారానికి కనీసం రెండు పీరియడ్లు పాఠం తయారీకి కేటాయించండి. ఒకే తరగతి చెప్పే టీచర్లందరికీ అవి ఒకే సమయంలో ఉండాలి. వాటిని వేరే పనికి వాడుకోకూడదు. అలా చేస్తే పిల్లలకు పీరియడ్లు తగ్గవా అని తల్లిదండ్రులు అడగవచ్చు. వాళ్ల ఆందోళన న్యాయమైనదే. ఇందుకు టీచర్ల సంఖ్య కూడా పెంచాలి, ఖర్చవుతుంది. కానీ 2030 నాటికి ప్రపంచానికి ఇంకో 4.4 కోట్ల మంది టీచర్లు కావాలని యునెస్కో అంచనా. పనిభారం ఇలాగే ఉంటే ఈ ఉద్యోగానికి కొత్తవాళ్లు ఎందుకు వస్తారు, ఉన్నవాళ్లు ఎందుకు నిలుస్తారు?

మీ విలేకరులు ఈసారి ఏదైనా బడికి వెళ్లినప్పుడు కంప్యూటర్ల లెక్కతో పాటు టీచర్ల టైమ్‌టేబుల్ కూడా అడిగి చూడమని కోరుతున్నాను. లీజర్ పీరియడ్లలో ఎవరిని ఏ క్లాసుకు పంపారో రాసే రిజిస్టర్ పక్కనే ఉంటుంది. గత నెలలో ఎన్ని లీజర్లు నిజంగా లీజర్లుగా మిగిలాయో లెక్కపెట్టి మీ పత్రికలో అచ్చు వేయండి.

ఇట్లు,
ఒక ప్రైమరీ టీచర్