తాడు పైనుంచే పట్టాలి

సంపాదకులకు,

మే, జూన్ నెలలొస్తే బెంగళూరులో వీధికో ఇల్లు ఖాళీ అవుతుంటుంది. 30×40 అడుగుల సైటులో లిఫ్టు లేకుండా మూడంతస్తులు లేపి, మూడడుగుల వెడల్పు మెట్లు పెట్టిన ఇళ్లే మనవాళ్లు అద్దెకుండే పేటల్లో ఎక్కువ. ఆ మెట్ల మీద ఫ్రంట్‌లోడ్ వాషింగ్ మెషీన్ దింపేటప్పుడు ఒకరు కింద భుజం ఆనించి నిలబడతారు. ప్రాణం మీదికి తెచ్చేది అదే. బరువుకు దిగువన మనిషి ఉండకూడదు. మెట్ల మీద చెక్క దూలాలు పరిచి, పైనుంచి తాడుతో మెల్లగా దింపాలి.

మెషీన్ మీద '7 కిలోలు' అని ఉండేది బట్టల లెక్క. మెషీన్ బరువు 60 నుంచి 70 కిలోలు. లోపలి టబ్బుకు బిగించిన కాంక్రీటు దిమ్మల వల్లే అంత బరువు. ఆ టబ్బు స్ప్రింగుల మీద వేలాడుతూ ఉంటుంది కాబట్టి, కొన్నప్పుడు వెనకనుంచి విప్పిన ట్రాన్సిట్ బోల్టులు (రవాణాలో టబ్బు కదలకుండా పట్టేవి, మూడో నాలుగో ఉంటాయి) మళ్లీ బిగించాకే కదపాలి. చాలా ఇళ్లలో అవి ఎప్పుడో పాత సామానువాడికి పోయుంటాయి. పోతే అదే మోడల్‌వి కొనండి. తర్వాత ముందు కింద ఉన్న ఫిల్టరు విప్పి, మిగిలిన నీళ్లు పళ్లెంలోకి వదలాలి. లేకపోతే ఆ నీళ్లు మెట్ల మీదే కారతాయి. తడిసిన సాదరహళ్లి రాయి (ఇక్కడ మెట్లకు వేసే గ్రానైటు) మీద చెప్పు నిలవదు.

ఏడంగుళాల ఎత్తు, పదంగుళాల వెడల్పు ఉన్న మెట్ల వాలు దాదాపు 35 డిగ్రీలు. 70 కిలోల మెషీన్ ఆ వాలు వెంట 40 కిలోల బలంతో లాగుతుంది. చెక్క రాపిడి అందులో కొంత మోస్తుంది గానీ దాన్ని నమ్ముకోవద్దు.

మెట్ల మీద 4×2 అంగుళాల దూలాలు రెండు, ఎనిమిదడుగులవి, అడుగున్నర ఎడంగా పరవాలి. పై కొసల కింద చెక్కముక్క కొట్టి మెట్టు అంచుకు తగిలిస్తే దూలాలు కిందికి జారవు. మెషీన్‌ను 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక మీద నిలబెట్టి కట్టాలి. పలక అడుగున రెండు దూలాల మధ్యలో ఇమిడేలా రెండు పట్టీలు కొడితే అది పక్కకు తప్పుకోదు. ఈ వాలులో నిటారుగా ఉన్న మెషీన్ ముందుకు బోర్లా పడటానికి సిద్ధంగా ఉంటుంది. అడుగున మాత్రమే తాడు కడితే పల్టీ కొట్టడం ఖాయం. అడుగున ఒక చుట్టు, పై మూడోవంతులో ఇంకొకటి వేసి, రెండు కొసలూ ఎగువ వైపు ఒకే ముడిగా కలిపి, అక్కడినుంచి పెద్ద తాడు తీసుకోవాలి. తలుపు పిడికీ, పౌడరు అరకీ ఎన్నడూ కట్టవద్దు.

తాడు 12 మిల్లీమీటర్ల పాలిస్టరుది, యాభై అడుగులు కావాలి. ఎస్.జె.పి. రోడ్డు హార్డ్‌వేరు దుకాణాల్లో దొరుకుతుంది. పచ్చ ప్లాస్టిక్ తాడు ముడి జారుతుంది, రాపిడి వేడికి కరుగుతుంది. నైలాను సాగుతుంది, దాంతో మెషీన్ కాసేపు ఆగి ఒక్కసారిగా ఉరుకుతుంది.

తాడును దేనికి చుట్టాలన్నదే అసలు సంగతి. రెయిలింగుకు వద్దు, అది రాతిలో కొద్దిగానే దిగి ఉంటుంది. గుమ్మానికి లోపలివైపున, గుమ్మం కన్నా రెండడుగులు పొడవైన నాలుగంగుళాల సర్వి బాదును అడ్డంగా, రెండు గోడలకూ ఆనేలా పెట్టాలి. గుండ్రని బాదు బరువుకు తిరుగుతుంది కాబట్టి ఒక కొసకు అడ్డచెక్క కట్టి నేలకు ఆనించాలి. మధ్యలో తాడు రెండు నిండు చుట్లు తిప్పితే ఆ 40 కిలోల లాగుడు ఒక చేతికి నాలుగైదు కిలోల్లోపే తెలుస్తుంది. తాడు కొంచెం కొంచెంగా వదలాలి. చేతికీ నడుముకీ చుట్టుకోవద్దు, తోలు తొడుగులు వేసుకోవాలి. రెండో మనిషి కూడా ఎగువనే ఉండి చూసుకోవాలి. దారి మధ్యలో ఇరుక్కుంటే తాడు బిగించి కట్టాకే ముట్టుకోవాలి.

లాండింగ్ దగ్గర దూలాలు తీసి మళ్లీ పరవాలి. మలుపులో మూడుమూలల మెట్లుంటే ఈ పద్ధతి పనికిరాదు, కూలి మనుషుల్ని పిలవక తప్పదు. ఫ్రిజ్‌కూ ఇదే పద్ధతి, కానీ పడుకోబెట్టకూడదు.

ఇల్లు కట్టే ఓనర్లకు ఒక విన్నపం. పైమెట్టు దగ్గర బీము పోసేటప్పుడే తాడు చుట్టుకోవడానికి 16 మిల్లీమీటర్ల కడ్డీని కొక్కెంలా వంచి, రెండు కాళ్లూ లోపలి ఊచలకు కట్టించి, వంపు బయటికి వదిలి రంగు పూయించండి.

ఒక మెకానిక్,
మారతహళ్లి, బెంగళూరు